పిన్న వయసు క్యాన్సర్లు

పెద్దవాళ్లలో యాభై ఏళ్లు నిండకముందే బయటపడే క్యాన్సర్లను పిన్న వయసు క్యాన్సర్లు అంటారు. పరిశోధకులు సాధారణంగా 18 నుంచి 49 ఏళ్ల వరకు ఈ లెక్కలోకి తీసుకుంటారు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 15–39 ఏళ్లవారిని కౌమార, యువ వయోజనులుగా మరో వర్గం చేసి చూస్తుంది. క్యాన్సర్ నేటికీ ప్రధానంగా వయసు మళ్లినవారి జబ్బే. రోగుల్లో ఎక్కువమంది యాభై దాటినవారే. అయినా కొన్ని రకాల క్యాన్సర్లు వెనకటి తరాలకంటే కొత్త తరాల్లో ముందుగా, ఎక్కువగా కనిపిస్తున్నాయని 1990ల నుంచి అనేక దేశాల నమోదు లెక్కలు చెబుతున్నాయి. వీటిలో చాలావాటికి బీజం జబ్బు బయటపడటానికి పది, ఇరవై ఏళ్లు ముందే పడుతుంది. అందువల్ల వీటి నివారణ బడి వయసులోనే మొదలుకావాలి.

పెరుగుదల లెక్కలు

బీఎంజే ఆంకాలజీ పత్రిక 2023లో ప్రచురించిన అధ్యయనం 204 దేశాలు, ప్రాంతాల్లో 29 రకాల క్యాన్సర్లను పరిశీలించింది. యాభై లోపు వయసులో కొత్తగా క్యాన్సర్ వచ్చినవారి సంఖ్య 1990లో 18.2 లక్షలు. 2019 నాటికి అది 32.6 లక్షలకు చేరింది. అంటే 79 శాతం పెరుగుదల. ఇదే కాలంలో ఈ వయసువారిలో మరణాలు దాదాపు 28 శాతం పెరిగాయి.

ఈ 79 శాతాన్ని ఒక్కో మనిషికి పెరిగిన ముప్పుగా చదవకూడదు. ఆ మూడు దశాబ్దాల్లో ప్రపంచ జనాభా బాగా పెరిగింది. స్కానింగులు, ముక్క పరీక్షలు (బయాప్సీలు) మారుమూల పట్టణాలకూ చేరాయి. మునుపు పేరు తెలియకుండానే పోయిన జబ్బులు లెక్కల్లోకి ఎక్కాయి. దక్షిణ కొరియా ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అక్కడ ఆరోగ్య పరీక్షల్లో భాగంగా మెడకు అల్ట్రాసౌండ్ తీయడం వాడుకయ్యాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నమోదు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవారి రేటు మాత్రం మారలేదు. పెరిగింది జబ్బుకంటే వెతుకులాట అని దీన్నిబట్టి తేలింది.

అలాగని మొత్తం పెరుగుదలను వెతుకులాట ఖాతాలో వేయడానికీ వీల్లేదు. పరిశోధకులు ఒకే వయసులో ఉన్న వేర్వేరు తరాలను పోల్చి చూస్తారు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ శాస్త్రవేత్తలు 2024లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వెలువరించిన విశ్లేషణలో, 34 రకాల క్యాన్సర్లలో 17 రకాలు కొత్త తరాల్లో పెరుగుతున్నట్టు తేలింది. క్లోమం, మూత్రపిండం, చిన్నపేగు క్యాన్సర్లు 1955 ప్రాంతంలో పుట్టినవారికంటే 1990 ప్రాంతంలో పుట్టినవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. పుట్టిన సంవత్సరంతోపాటు ముప్పు పెరుగుతోందంటే, ఆ తరం చిన్ననాటి నుంచి తిన్నదో తాగినదో పీల్చినదో ఏదో మారిందని అర్థం. దీన్ని తరం ప్రభావం అంటారు.

భారతదేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1980ల తొలినాళ్ల నుంచి జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం నడుపుతోంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్త రోగులు సుమారు 14.1 లక్షలు, మరణాలు సుమారు 9.2 లక్షలు. రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే ఇక్కడ దాదాపు పదేళ్లు ముందే వస్తోందని డాక్టర్లు తరచూ అంటారు. ఆ మాట నిజమే గానీ, అందులో కొంత భాగం మన జనాభాలోనే పడుచువాళ్లు ఎక్కువ కావడం వల్ల వచ్చింది.

ప్రధాన రకాలు

పెద్దపేగు, పురీషనాళం: తరం ప్రభావం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవారితో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండు రెట్లు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు నాలుగు రెట్లు ఉందని 2017లో తేలింది. దాంతో పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో, ప్రభుత్వ సలహా బృందం 2021లో యాభై నుంచి 45కు తగ్గించాయి. ‘బ్లాక్ పాంథర్’ సినిమా కథానాయకుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో 43 ఏళ్లకే ఈ జబ్బుతో మరణించడంతో సామాన్య ప్రజల్లోనూ దీని గురించి చర్చ మొదలైంది. భారతదేశంలో ఈ క్యాన్సర్ రేటు అమెరికాకంటే చాలా తక్కువ.

రొమ్ము: భారతీయ స్త్రీలలో మొదటి స్థానం దీనిదే; 2022లో సుమారు 1.92 లక్షల కొత్త కేసులు. హార్మోన్ మందులకు గానీ హెర్2 మందులకు గానీ లొంగని ట్రిపుల్ నెగెటివ్ రకం చిన్న వయసు రోగుల్లో ఎక్కువ, పాశ్చాత్యులకంటే భారతీయుల్లో ఎక్కువ. పడుచువారి రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రాంలో చిన్న గడ్డలు మరుగున పడిపోతాయి. అందుకే ఈ వయసులో అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ తోడు కావాలి.

నోరు: భారతీయ పురుషుల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో ఇది ముందు వరుసలో ఉంది. కారణాల్లో పెద్దపీట పొగాకుదీ వక్కదీ. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చే అలవాటు స్త్రీలలో ఉండేది. దీన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో దీనివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ మీద 1960, 70లలో జరిగిన అధ్యయనాలు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కాయి. అప్పటి అవ్వల తరానికి అంగిటి క్యాన్సర్ తెచ్చింది చుట్ట. ఇప్పటి మనవళ్ల తరానికి బుగ్గలో, నాలుక పక్కన క్యాన్సర్ తెస్తున్నవి గుట్కా, ఖైనీ, పాన్‌మసాలా.

గర్భాశయ ముఖద్వారం: హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) వల్ల వచ్చే ఈ క్యాన్సర్ 2022లో దేశంలో సుమారు 1.27 లక్షల మందికి వచ్చింది, దాదాపు 80 వేల మందిని బలితీసుకుంది. ఈ వైరస్ పాత్రను నిరూపించినందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. వైరస్ సోకడానికీ క్యాన్సర్ ముదరడానికీ మధ్య సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్ల వ్యవధి ఉంటుంది.

ఇతర రకాలు: వృషణాల క్యాన్సర్, హాడ్జ్‌కిన్ లింఫోమా, కొన్ని రక్త క్యాన్సర్లు సహజంగానే యువకుల్లో ఎక్కువ. వీటిలో చాలావరకు నయమవుతాయి. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు ఊపిరితిత్తుల మధ్య జెర్మ్ సెల్ కణితి ఉన్నట్టు తేలింది. కీమోథెరపీ తీసుకుని 2012లో మళ్లీ భారత జట్టులోకి వచ్చాడు.

కారణాలు

వంశపారంపర్యం: పిన్న వయసు రోగుల్లో పుట్టుకతో వచ్చిన జన్యు లోపం వాటా వృద్ధులకంటే ఎక్కువే. అయినా అది చిన్న భాగమే. యాభై లోపు పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో దాదాపు ఆరుగురిలో ఒకరికి ఇటువంటి లోపం ఉంటుంది. లించ్ సిండ్రోమ్ వాటిలో ముఖ్యమైనది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల లోపాలు కారణమవుతాయి. ఇవి ఉన్న స్త్రీలలో సగానికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ బారిన పడతారు. తెలుగు సినిమా నటి హంసానందిని తనకు రొమ్ము క్యాన్సర్ ఉందనీ, బీఆర్‌సీఏ1 లోపం వంశంలో వచ్చిందనీ, తల్లినీ ఇదే జబ్బు తీసుకుపోయిందనీ 2021 డిసెంబరులో స్వయంగా వెల్లడించారు.

ఊబకాయం, ఆహారం: అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉన్నట్టు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో నిర్ధారించింది. అమెరికా నర్సులపై జరిగిన దీర్ఘకాలిక పరిశీలనలో ఊబకాయులైన స్త్రీలకు యాభై లోపు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపుగా కనిపించింది. రోజుకు రెండు, అంతకుమించి తీపి శీతల పానీయాలు తాగినవారిలోనూ అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువున్నవారు దేశం మొత్తం మీద 24 శాతం, తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం.

పేగుల్లోని సూక్ష్మజీవులు: ఇ.కోలై బ్యాక్టీరియాలో కొన్ని జాతులు కోలిబాక్టిన్ అనే విషాన్ని విడుదల చేస్తాయి. అది పేగు కణాల డీఎన్ఏ మీద ప్రత్యేకమైన మచ్చ మిగులుస్తుంది. 11 దేశాల్లో 981 మంది రోగుల కణితులను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, డెబ్బై దాటాక జబ్బుపడ్డవారికంటే నలభై లోపే జబ్బుపడ్డవారిలో ఈ మచ్చలు 3.3 రెట్లు ఎక్కువ. వాటిలో చాలా భాగం బాల్యంలో, మొదటి పదేళ్లలోనే పడి ఉండవచ్చని ఆ శాస్త్రవేత్తల అంచనా. జబ్బుకు అసలు కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదు.

పొగాకు, వక్క, మద్యం: ఈ మూడూ మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే చాలునన్నది చాలామంది నమ్మని నిజం.

జీవనక్రమం: రజస్వల వయసు తగ్గడం, తొలి కాన్పు ఆలస్యం కావడం, పిల్లల సంఖ్య తగ్గడం, పాలిచ్చే కాలం కుదించుకుపోవడం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే మార్పులు. వీటిలో కొన్ని చదువుతో, ఉద్యోగంతో, మెరుగైన పోషణతో వచ్చినవి. అందువల్ల వీటిని తప్పుగా ఎంచి స్త్రీల మీద నింద మోపడం సరికాదు.

జనంలో ప్రచారంలో ఉన్న కారణాలన్నిటికీ ఆధారాలు లేవు. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో తేల్చింది.

ఆలస్యంగా బయటపడటం

యువకుల్లో క్యాన్సర్ ముదిరాక బయటపడటానికి ప్రధాన కారణం, ఆ వయసులో దాన్ని ఎవరూ ఊహించకపోవడం. మలంలో రక్తం పడితే ముప్పై ఐదేళ్లవాడు మొలలనుకుంటాడు. ఆర్ఎంపీ దగ్గర మాత్రలు, ఆ తర్వాత ఆకు పసరు, బస్టాండు పక్కన ‘మొలలకు ఆపరేషన్ లేకుండా వైద్యం’ అని బోర్డు కట్టిన చోట ఓ ఇంజెక్షన్‌, ఇలా ఆరునెలలో ఏడాదో గడిచిపోతాయి. లోపల వేలుపెట్టి చేసే రెండు నిమిషాల పరీక్షకు సిగ్గుపడి ఒప్పుకోడు, అడిగే తీరిక వైద్యుడికీ ఉండదు. మొలలు నిజంగానే ఉండవచ్చు. ఆ వెనక కణితి లేదని వాటివల్ల రుజువు కాదు. కారణం లేని కడుపునొప్పి, మలంలో రక్తం, విడవని విరేచనాలు, ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత అనే నాలుగు లక్షణాలు ఈ వయసువారిలో క్యాన్సర్ నిర్ధారణకు చాలా నెలల ముందు నుంచే కనిపిస్తుంటాయని ఒక అమెరికా అధ్యయనం 2023లో గుర్తించింది. మగవాడికి రక్తం తగ్గితే టానిక్ రాసి పంపకుండా అది ఎక్కడ పోతోందో వెతకాలి.

ఇతర అవయవాలదీ ఇదే కథ. పాలిచ్చే తల్లి రొమ్ములో గడ్డను పాలు గడ్డకట్టడంగా, సంభోగం తర్వాత రక్తం కనబడటాన్ని వేడి చేయడంగా, దుర్వాసనతో పోయే తెల్లబట్టను మామూలుగా తీసుకుంటారు. మెడలో లింఫోమా గడ్డకు ముక్క పరీక్ష లేకుండానే టీబీ మందులు నెలల తరబడి వాడటం మన దేశంలో అరుదు కాదు.

నోటి జబ్బు ముందుగానే హెచ్చరిస్తుంది. గుట్కా, వక్కపొడి నమిలే కుర్రవాడికి మొదట కారం సోకితే నోరు భగ్గుమంటుంది, ఆవకాయ ముద్ద మింగలేడు. బుగ్గ లోపలి పొర తెల్లబడి బిరుసెక్కుతుంది. క్రమంగా నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. సాధారణంగా తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. రెండే పడితే దంత వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే ఈ స్థితి కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. మానని పుండు, తెల్ల, ఎర్ర మచ్చలు రెండు మూడు వారాలకు మించి ఉంటే ముక్క పరీక్ష చేయించాలి.

వయసును బట్టి నివారణ

పుట్టగానే: హెపటైటిస్ బి టీకా కాలేయ క్యాన్సర్‌ను ఆపుతుంది. 1984లో ఈ టీకా కార్యక్రమాన్ని మొదలుపెట్టి, 1986లో శిశువులందరికీ విస్తరించిన తైవాన్‌లో పిల్లల్లో, తర్వాత యువకుల్లో ఆ క్యాన్సర్ తగ్గింది. తల్లిపాలు బిడ్డకే కాక తల్లికీ రక్షణ: మొత్తం మీద ఒక్కో ఏడాది పాలిచ్చినందుకు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 4 శాతం తగ్గుతుంది.

9–14 ఏళ్లు: హెచ్‌పీవీ టీకా. ఇంగ్లండ్‌లో 12–13 ఏళ్లకు టీకా అందిన తరంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లాన్సెట్ ప్రచురించింది. ఒక్క మోతాదు సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. తెలుగు నేల మీద ఈ టీకాకు చేదు చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు ప్రయోగాత్మకంగా టీకా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. అయితే గిరిజన బాలికల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసిన తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదైనా, అడగకుండా వేస్తే నమ్మకం పోతుందని ఆ ఘటన చాటింది. 2018లో సిక్కిం ప్రభుత్వం తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ముందుగా వివరించి బడుల్లో టీకా వేసి, 90 శాతానికి పైగా బాలికలకు అందించగలిగింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావ్యాక్ 2023 నుంచి దొరుకుతోంది.

కౌమారం: దేశంలో పొగాకు మొదలుపెట్టే సగటు వయసు 18.9 ఏళ్లని 2016–17 జాతీయ సర్వే చెబుతోంది. పద్దెనిమిది నిండనివారికి అమ్మకూడదని 2003 చట్టం ఉంది. గుట్కా మీద చాలా రాష్ట్రాల్లో నిషేధమూ ఉంది. కిళ్లీకొట్లలో పాన్‌మసాలా ఒక పొట్లం, జర్దా మరొక పొట్లం విడివిడిగా అమ్ముతారు. కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. నిషేధానికి దొరక్కుండా గుట్కా తయారవుతుంది. బరువు అదుపు, ఆటలు, చక్కెర పానీయాల విషయంలో అలవాట్లు స్థిరపడేదీ ఈ వయసులోనే.

ఇరవైలు: కుటుంబంలో ఎవరికి, ఏ వయసులో, ఏ క్యాన్సర్ వచ్చిందో తెలుసుకోవాలి. పెళ్లి సంబంధాలకు అడ్డమని ఇళ్లలో ఈ సంగతి దాచిపెట్టడం వల్ల నష్టపోయేది ఆ ఇంటి పిల్లలే. తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఒకరికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, నలభై ఏళ్లకు గానీ, వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలని సాధారణ సూచన. బీఆర్‌సీఏ లోపం ఉన్నట్టు తేలినవారికి 25 ఏళ్ల నుంచి ఏటా రొమ్ము ఎంఆర్ఐ సూచిస్తారు.

ముప్పై దాటాక: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకు ప్రభుత్వ పరీక్షల పథకం ఈ వయసు నుంచి వర్తిస్తుంది. ఆచరణ మాత్రం పలుచన. 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమేనని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది.

పరీక్షల శక్తి, పరిమితి

అందరికీ అన్ని పరీక్షలూ చేయడం వల్ల ప్రాణాలు నిలబడతాయన్న హామీ లేదు. భారతదేశంలో జరిగిన మూడు పెద్ద అధ్యయనాలు పరీక్షకూ పరీక్షకూ ఉండే తేడాను చూపుతాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 30–59 ఏళ్ల స్త్రీలకు ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినందుకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కేరళలో ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు చూసినంతమాత్రాన, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 20 ఏళ్లపాటు జరిపిన అధ్యయనంలో రెండేళ్లకోసారి చేతితో తడిమి చేసే రొమ్ము పరీక్ష యాభై దాటినవారిలో మరణాలను దాదాపు 30 శాతం తగ్గించింది. యాభై లోపువారిలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. కాబట్టి ఏ లక్షణమూ లేని పాతికేళ్లవారికి ‘ఫుల్ బాడీ స్కాన్’ ప్యాకేజీలు, కణితి గుర్తుల రక్తపరీక్షలు అమ్మడానికి శాస్త్రీయ ఆధారం లేదు. కొరియా థైరాయిడ్ అనుభవం ఇక్కడ పునరావృతమయ్యే ప్రమాదం ఉంది.

చికిత్స, తర్వాతి జీవితం

యువ రోగులు శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్‌లను వృద్ధులకంటే బాగా తట్టుకుంటారు. రేడియేషన్‌ను మన ఆసుపత్రుల్లో రోగులు ‘కరెంటు పెట్టడం’ అంటుంటారు. పేరును బట్టి షాక్ కొడుతుందేమోనని భయపడనక్కర్లేదు. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సకు దారి వేసినవారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల నిరోధకంతో సిడ్నీ ఫార్బర్ 1940ల చివర బోస్టన్‌లో చిన్నారులకు తొలిసారి తాత్కాలిక ఉపశమనం సాధించాడు. తర్వాతి దశాబ్దాల్లో పిల్లల్లో వచ్చిన మెరుగుదల 15–39 ఏళ్లవారిలో అంతగా రాలేదు. వారు అటు పిల్లల వార్డుకూ ఇటు పెద్దల వార్డుకూ పూర్తిగా చెందకపోవడం దీనికి ఒక కారణం. తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న యువకులకు పిల్లల చికిత్సా పద్ధతిని వాడితే ఫలితాలు మెరుగయ్యాయి.

కీమో, రేడియేషన్ సంతానశక్తిని దెబ్బతీయవచ్చు. చికిత్స మొదలుకాకముందే వీర్యాన్ని, అండాలను శీతలీకరించి దాచుకునే వీలుంది. చాలామందికి ఈ మాట ఆలస్యంగా చేరుతుంది. డాక్టరు చెప్పకపోతే రోగే అడగాలి. జబ్బు నయమైనా గుండె, ఊపిరితిత్తుల పరీక్షలు, రెండో క్యాన్సర్ మీద నిఘా ఏళ్ల తరబడి సాగాలి.

తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే సంస్థ, బసవతారకం ఆసుపత్రి, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలోని స్విమ్స్ ముఖ్యమైన చికిత్సా కేంద్రాలు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం (ఆంధ్రప్రదేశ్‌లో దాని నేటి పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) పేద కుటుంబాల క్యాన్సర్ చికిత్స ఖర్చును భరిస్తుంది. రోజుకూలి, రానుపోను చార్జీలు, నెలల తరబడి నగరంలో అద్దె వంటి ఖర్చులు కుటుంబం మీదే పడతాయి. యువ రోగి తరచూ ఆ ఇంట్లో సంపాదించే ఏకైక వ్యక్తి. కాబట్టి చికిత్స మధ్యలో మానేయకుండా చూడాలంటే మందుల ఖర్చుతోపాటు కోల్పోయిన వేతనం, దారి ఖర్చు కూడా పథకాల్లో చేరాలి.